నొప్పి తగ్గగానే మానేసే పేషెంట్లకు ఎలా చెప్పాలి?

నేను కూకట్‌పల్లిలో ఒక చిన్న క్లినిక్‌లో పళ్ల డాక్టర్‌ని. రూట్ కెనాల్ మొదటి సిట్టింగ్‌కే చాలామందికి నొప్పి తగ్గుతుంది. ఇక రారు. శుభ్రం చేసిన పంటి వేరు లోపలి కాలువలు నింపకపోతే మళ్లీ చీము పట్టవచ్చని, క్యాప్ లేకపోతే దవడ పన్ను విరగవచ్చని చెబుతూనే ఉంటాను. తలూపుతారు.

మొన్న ఒక పెద్దావిడ విరిగిన పన్నుతో వచ్చారు. "క్యాప్ అంటే డబ్బుల కోసం అనుకున్నా బాబూ" అన్నారు. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. పై పన్ను పీకితే చూపు పోతుందని కూడా భయమట. కంటి చూపు నరం వేరు, పంటి నరం వేరు అని ముందే చెప్పాల్సింది.

ఎక్స్‌రే చూపిస్తూ చెప్పాలా? ఇంట్లోవాళ్లను కూడా కూర్చోబెట్టాలా? మీ డాక్టర్ ఎలా చెబితే మీకు నమ్మకం కుదిరింది? దయచేసి చెప్పండి.