పెట్ స్కాన్‌లో వెలిగిన ఊపిరితిత్తి గడ్డలు: క్యాన్సరేనా?

ప్రశ్న:
52 ఏళ్ల వ్యక్తి. రెండు ఊపిరితిత్తుల్లోనూ 2–3 సెంటీమీటర్ల గడ్డలు ఐదారు. వాటిలో రెండు గడ్డలకు మధ్యలో గుల్ల పడింది. పెట్ స్కాన్‌లో బాగా వెలిగాయి. "మెటాస్టాసిస్ (వేరే చోటి క్యాన్సర్ పాకడం) కావచ్చు" అని రిపోర్టు. సూది బయాప్సీలో క్యాన్సర్ కణాలు లేవు, చచ్చిన కణజాలమే వచ్చింది. తెమడలో టీబీ నెగటివ్. ఆర్నెల్లుగా ముక్కులో పక్కులు కడుతున్నాయి, అప్పుడప్పుడూ రక్తం. తర్వాత ఏ పరీక్ష?

జవాబు 1:
ముక్కు సంగతి చివర్లో రాశారు గానీ, లాగాల్సిన తీగ అదేనండి. జీపీఏని అనుమానించాలి. పూర్తి పేరు గ్రాన్యులోమటోసిస్ విత్ పాలియాంజైటిస్, పాత పేరు వెగెనర్స్. రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్న రక్తనాళాల మీదే దాడి చేస్తుంది. కణజాలం చచ్చి గడ్డ గుల్లబారుతుంది. గ్లూకోజ్‌ను ఎక్కువగా లాక్కునే కణాలే పెట్ స్కాన్‌లో వెలుగుతాయి. ఇన్‌ఫ్లమేషన్ కణాలూ ఆ పనే చేస్తాయి. అందుకే వెలుగును బట్టి క్యాన్సర్ అని తేల్చలేం.

ఇవాళే మూత్రాన్ని మైక్రోస్కోప్‌తో సహా చూపించండి: ప్రొటీన్, ఎర్రకణాలు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపేది). ఈ జబ్బులో కిడ్నీ నొప్పి లేకుండానే వారాల్లో పాడవుతుంది. తర్వాత ఆంకా పరీక్ష (సొంత కణాల మీదే దాడి చేసే యాంటీబాడీల కోసం చేసే రక్త పరీక్ష), అందులో పీఆర్3, ఎంపీవో రకాలు రెండూ.

జవాబు 2:
ఆంకా ఒక్కదాన్నే నమ్మొద్దు. టీబీలోనూ ఒక్కోసారి పాజిటివ్ వస్తుంది. ముక్కు, ఊపిరితిత్తులకే పరిమితమైన జీపీఏలో నెగటివ్ కూడా రావచ్చు.

బయాప్సీ మళ్లీ చేస్తే గుల్ల మధ్య నుంచి కాకుండా గడ్డ అంచు నుంచి తీయాలి. సూది ముక్క చాలకపోతే వ్యాట్స్, అంటే కీహోల్ సర్జరీ. తరచూ జరిగే పొరపాటు ఒకటుంది: ముక్క మొత్తాన్నీ ఫార్మలిన్‌లో వేసేస్తారు, ఇక టీబీ కల్చర్‌కు పనికిరాదు. కొంత భాగాన్ని సెలైన్‌లో వేసి కల్చర్‌కూ, సీబీనాట్‌కూ (టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష) పంపమని ముందే చెప్పండి.

బయాప్సీకి ముందు స్టెరాయిడ్ మొదలుపెడితే లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) కూడా తాత్కాలికంగా తగ్గి, రోగ నిర్ధారణ దారి తప్పుతుంది. కిడ్నీ దెబ్బతింటుంటే మాత్రం బయాప్సీ కోసం ఆగకూడదు.

జవాబు 3:
జీపీఏ అని తేలితే రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. స్టెరాయిడ్‌తో పాటు రిటుక్సిమాబ్ (చదరపు మీటరుకు 375 మి.గ్రా., వారానికొకటి చొప్పున నాలుగు డోసులు) లేదా సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తారు. ఇవి క్యాన్సర్ వార్డులోనూ వాడే మందులే కాబట్టి ఇంట్లోవాళ్లు హడలిపోతారు. వాళ్లకు ముందే విడమరచి చెప్పండి.

రిటుక్సిమాబ్‌కు ముందు హెపటైటిస్ బి సర్ఫేస్ యాంటిజెన్ ఒక్కటే చాలదు, కోర్ యాంటీబాడీ కూడా చూడాలి. దాగి ఉన్న వైరస్ తిరగబెడితే లివర్‌కు ప్రమాదం. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు వచ్చే న్యుమోసిస్టిస్ న్యుమోనియా రాకుండా కోట్రిమోక్సజోల్ ఇవ్వమని అడగండి.

ఈలోగా దగ్గితే రక్తం పడినా, ఆయాసం పెరిగినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.