యెస్ వాళ్ల 'టోపోగ్రాఫిక్ ఓషన్స్' మొదటిసారి వినడం: ఏ ప్రతి, ఏ వరస, ఏ సెట్టు?

కాలువగట్టు (విజయవాడ)
యెస్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండు వాళ్ల 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్' ఆల్బమ్ ఈ ఆదివారం మొదలుపెట్టాలని ఉంది. రెండు ఎల్పీల మీద పక్కకొకటి చొప్పున నాలుగే పాటలు, 81 నిమిషాలు. ఏ ప్రతి వినాలి? నాలుగు పక్కలూ ఒకే కూర్చోటులోనా, రోజుకొకటా? హెడ్‌ఫోన్సా, స్పీకర్లా? నాలుగు పక్కలూ శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అంటారు గదా, అది పట్టించుకోకుండా వింటే ఏమన్నా నష్టమా? తెలిసినవాళ్లు చెప్పండి.

గాడీముల్లూ (విజయవాడ)
ప్రతి సంగతి ముందు తేల్చుకో. ఫోన్‌లో మొదటి పాట నిడివి చూడు. 20 నిమిషాల చిల్లర ఉంటే 1973 ఎల్పీలో ఉన్నట్టు గొంతులతోనే మొదలవుతుంది. 22 నిమిషాల చిల్లర ఉంటే అది 2003లో రైనో కంపెనీ తెచ్చిన రీఇష్యూ నుంచి వచ్చింది. దాంట్లో ముందు రెండు నిమిషాల ఉపోద్ఘాతం తిరిగి కలిపారు. మొదటిసారికి ఉపోద్ఘాతం లేనిదే మేలు. ఆ గొంతులు ఒక్కసారిగా మీద పడాలి, మెల్లగా తలుపు తీసినట్టు కాదు. 2016లో స్టీవెన్ విల్సన్ అనే సంగీతకారుడు అసలు టేపుల నుంచి మళ్లీ మిక్స్ చేశాడు, 5.1 సరౌండ్ మిక్స్ కూడా ఉంది. అది రెండోసారికి అట్టిపెట్టుకో. సీడీ కొంటే రెండు డిస్కులు వస్తాయి. మోసమేమీ లేదు, 81 నిమిషాలు ఒక సీడీలో పట్టవు.

ధాతుపాఠం (గుంటూరు)
ప్రతుల గొడవ తర్వాత. నాలుగో పాట పేరు 'రిచువల్', అది తంత్రమట. ఎవరు చెప్పారండీ తంత్రమంటే రిచువల్ అని? తన్ ధాతువు, విస్తరించడం. మగ్గం మీద పడుగూ తంత్రమే. 'తంత్రం ప్రధానే సిద్ధాంతే సూత్రవాయే పరిచ్ఛదే' అని అమరం. ఇందులో పూజావిధి ఎక్కడుంది? శ్రుతికి 'రివీల్డ్' అనే మాట కూడా అరువు తెచ్చుకున్నదే. వేదం అపౌరుషేయం. ఎవరో కూర్చుని వెల్లడి చేసింది కాదు, ఋషులు దర్శించింది.

మిర్చియార్డ్ (గుంటూరు)
మాస్టారూ, లండన్ కుర్రాళ్లు 1973లో చేసిన పాటకి అమరకోశం తెచ్చి కొడుతున్నారేంది! మనూళ్లో తంత్రం అనగానే చేతబడి అనుకునేవాళ్లే ఎక్కువ. వాళ్లకన్నా ఈ బ్యాండు గాయకుడు జాన్ ఆండర్సన్ నయం గదా.

ధాతుపాఠం
చేతబడి అనుకునేవాళ్లది అజ్ఞానం. తెలిసినట్టు రాసేవాళ్లది అహంకారం. రెండూ ఒకటి కావు.

పాదసూచిక (విజయవాడ)
గొడవ పడేముందు ఆ ఫుట్‌నోట్ చదవండి. ఆండర్సన్ సొంతంగా కల్పించింది ఏమీ లేదు. 1973 మార్చిలో యెస్ పాత డ్రమ్మరు బిల్ బ్రూఫర్డ్ పెళ్లిలో, కింగ్ క్రిమ్సన్ బ్యాండులో తాళవాద్యాలు వాయించే జేమీ మ్యూర్ ఆండర్సన్‌కి యోగానంద ఆత్మకథ గురించి చెప్పాడు. ఆ పుస్తకంలో శాస్త్రాలు నాలుగు రకాలని చెప్పే అడుగు గమనిక ఒకటుంది. శ్రుతి అంటే నేరుగా విన్నది, వెల్లడైంది. స్మృతి అంటే గుర్తుపెట్టుకున్నది. పురాణమంటే ప్రాచీనమైనది. తంత్రమంటే అక్షరార్థంలో కర్మ, క్రతువు అని అక్కడే రాసి ఉంది. ఇప్పుడు పాటల పేర్లు వరసగా పెట్టి చూడండి: రివీలింగ్, రిమెంబరింగ్, ఏన్షెంట్, రిచువల్. నాలుగు పేర్లూ ఆ గమనికలోని నాలుగు అర్థాలే. అందుకే ధాతుపాఠం గారి కోపం బ్యాండు మీద కాదు, యోగానంద మీద పోవాలి.

ఇంకో మాట. అందరూ '83వ పేజీ' అని పట్టుకు తిరుగుతారు. అది ఆండర్సన్ చదివిన ముద్రణ లెక్క. మీ ఇంట్లో ఉన్న ప్రతిలో, అదీ తెలుగు అనువాదమైతే, ఆ పేజీలో ఏమీ దొరక్కపోవచ్చు. 'శాస్త్రాలు' అన్న మాట దగ్గర చుక్క గుర్తు వెతకండి.

ధాతుపాఠం
చదివాను. అదే గమనికలో రామాయణ భారతాలను స్మృతుల్లో కలిపేశారు. విశాలార్థంలో కలుపుకోవచ్చు, కాదనను. కానీ మనకి స్మృతి అంటే మనువు, యాజ్ఞవల్క్యుడు. ఇతిహాసం వేరే గది. ఈ తేడా తెలియనివాడు రెండో పాట విని 'ఇది రామాయణ సారం' అని రాస్తాడు.

బెజవాడహైఫై
ఈ సంస్కృతం క్లాసు అయ్యాక పనికొచ్చే మాట. ఎల్పీ మీద వినకపోతే ఈ ఆల్బమ్ విన్నట్టే కాదు. నాలుగు పక్కలు అన్న ఆలోచనే ఎల్పీది. ముల్లు బరువు 3 గ్రాములు పెట్టండి, ఎక్కడా ఎగరదు. పాతికేళ్లుగా సెట్లు కట్టేవాణ్ణి, నన్నడగండి.

గాడీముల్లూ
3 గ్రాములా! సాధారణ మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లు (ముల్లు బిగించి ఉండే తలలు) 1.8 నుంచి 2 గ్రాముల దగ్గర నడుస్తాయి. తయారీదారు కాగితంలో ఎంత ఉంటే అంత. ఎక్కువ పెడితే ముల్లు కర్ర కుంగుతుంది, గాడి గోడలు అరుగుతాయి. తక్కువ పెట్టినా లాభం లేదు, ముల్లు గాడిలో నిలవక చిటపటలాడి ఇంకా ఎక్కువ పాడుచేస్తుంది. వంద మిల్లీగ్రాముల తేడా చూపే చిన్న డిజిటల్ తూకం కొనుక్కోండి. టోన్ ఆర్మ్ (ముల్లుని మోసే పొడుగు చెయ్యి) వెనక బరువు మీది అంకెలు నమ్మొద్దు.

ఈ ఆల్బమ్‌కి బరువుకన్నా కార్ట్రిడ్జ్ కోణం అమరిక ముఖ్యం. పక్కకి సుమారు 20 నిమిషాలున్న రికార్డు ఇది. ప్లేటు నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. బయటి అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెం.మీ. పోతే, లోపల లేబుల్ దగ్గర 21 సెం.మీ.కి పడిపోతుంది. అంతే శబ్దాన్ని సగం కన్నా తక్కువ చోటులో కుక్కాలి. 'రిచువల్' చివర మెత్తటి గొంతు, పియానో అక్కడే పడతాయి. స, శ ధ్వనులు ఇసక రాసినట్టు వస్తే తప్పు ఎక్కువసార్లు రికార్డుది కాదు, కార్ట్రిడ్జ్ కోణానిది. అమరిక కార్డు అచ్చేసుకుని ప్లేటు మధ్య నుంచి 66 మి.మీ., 120.9 మి.మీ. బిందువుల దగ్గర రెండుచోట్లా కార్ట్రిడ్జ్ కార్డు మీది గీతలకి నేరుగా ఉందా చూడండి. ఒక్కచోట చూసి వదిలేసేవాళ్లే ఎక్కువ.

బెజవాడహైఫై
పుస్తకాల్లో చదివి చెప్పే లెక్కలు ఇవి. చెవితో చేసే పని లెక్కతో అవ్వదు.

గాడీముల్లూ
చెవి తప్పు ఎక్కడో చెబుతుంది. ఎందుకో లెక్క చెబుతుంది. 3 గ్రాములు పెట్టమన్న చెవి ఏం చెవో మరి.

పాతప్లేటు (గుంటూరు)
మీ ఇద్దరి పంచాయితీ మధ్య ఒక హెచ్చరిక. ఎల్పీలు వినైల్, కాబట్టి డిస్టిల్డ్ వాటర్‌లో పదో వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి తుడవొచ్చు. అదే సీసా పట్టుకుని ఇంట్లోని పాత 78 పద్యనాటకాల ప్లేట్ల మీదికి వెళ్లొద్దు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌లో కరిగిపోతాయి. గాడి మీద తెల్లటి పొర వచ్చాక ఎవరూ బాగుచేయలేరు. కుళాయి నీళ్లు దేనికీ వాడొద్దు, ఆరాక ఉప్పు మరకలు గాడిలోనే మిగులుతాయి. ప్లేట్లు నిలువుగా పెట్టండి. మే నెలలో మూసిన కారులో వదిలేసిన ఎల్పీ పళ్లెంలా వంగి, దాని మీద ముల్లు ఊయల ఊగుతుంది.

కాలువగట్టు
నా దగ్గర టర్న్‌టేబుల్ లేదండీ. హెడ్‌ఫోన్సా, స్పీకర్లా?

మూడోపక్క (విజయవాడ)
అన్నీ వదిలేసి మూడో పక్క సంగతి చెప్పండి. 'ది ఏన్షెంట్' మొదట్లో సూర్యుడి పేర్లు రకరకాల భాషల్లో జపంలా చదువుతారు. సోల్ ఉంది, గ్రీకు ఇలియోస్ ఉంది, తుర్కీ గునేష్, ఐర్లండు గ్రియన్, మాయా వాళ్ల ఆహ్ కిన్ ఉన్నాయి. మధ్యలో 'ధూప్'! హిందీలో ధూప్ అంటే ఎండ, సూర్యుడు కాదు. సంస్కృతంలోకి వెళితే ధూపం, సాంబ్రాణి పొగ.

ధాతుపాఠం
ఎట్టకేలకు ఒక మనిషి. అదే నేననేది. సవిత, ఆదిత్యుడు, భాస్కరుడు, దివాకరుడు, ఇన్ని ఉండగా ఎండని పట్టుకొచ్చారు.

మిర్చియార్డ్
మా ఊళ్లో మేలో ఎండా సూర్యుడూ వేరువేరని ఎవరూ అనుకోరు మాస్టారూ. ధూప్ కరెక్టే.

మూడోపక్క
నవ్వులాట కాదు. కొత్తగా వినేవాళ్లు ఆల్బమ్ వదిలేసేది ఇక్కడే. నిలకడ లేని తాళవాద్యాలు, వాటి మీద స్టీవ్ హౌ స్టీల్ గిటారు కీచుమంటూ, పట్టుకోవడానికి రాగం దొరకదు. 12 నిమిషాలు దాటాక అన్నీ ఆగి ఒంటరి ఆకూస్టిక్ గిటారు, దాని మీద గొంతు వస్తాయి. ముందున్న గందరగోళం లేకపోతే ఆ గిటారుకి ఆ చల్లదనం రాదు. దాటవేసి నేరుగా అక్కడికే పోయేవాళ్లు మంచి పాటొకటి విన్నామనుకుంటారు, పక్క వినరు.

తానంపల్లవి (విజయవాడ)
రాగం తానం పల్లవి గంటసేపు కూర్చుని విన్న ఊరిది. ఇరవై నిమిషాలకే ఈ ఏడుపేంది?

పాదసూచిక
పోలిక సరిగ్గా లేదు. పల్లవిలో వాక్యం ఒకటే, చేతిలో తాళం ఉంటుంది, ఎక్కడున్నావో నీకు తెలుసు. ఇక్కడ తాళం నీ చేతిలో ఉండదు, భాగం ఎప్పుడు మారుతుందో తెలియదు. అందుకని మొదటిసారి కాగితం పెట్టుకుని, రాగం తిరిగి వచ్చినప్పుడల్లా నిమిషం రాసుకోవాలి. మొదటి పాటలో మూడు నాలుగు చోట్ల తిరిగి వచ్చేది దొరికితే మిగతాది దాని చుట్టూ అమరుతుంది. రెండో పక్కలో ఈ పని చేయకండి, అక్కడ ఆ లెక్క పనిచేయదు. అది కీబోర్డులు వాయించే రిక్ వేక్‌మన్ మెలోట్రాన్ అలలు. ఆ వాద్యంలో ఒక్కో మీటకి ఒక్కో టేపు ముక్క, ఎనిమిది సెకన్లే ఉంటుంది. మీట వదిలితే స్ప్రింగు వెనక్కి లాగుతుంది. స్వరం ఎంతసేపైనా పట్టి ఉంచలేడు గనుక మీటలు మారుస్తూ పోవాలి. ఊపిరి పీల్చి వదిలినట్టు వినపడేది అందుకే.

బెజవాడహైఫై
వేక్‌మన్‌కే నచ్చని ఆల్బమ్ ఇది. సాగదీశారని ఆయనే అన్నాడు. మాంచెస్టర్ కచేరీలో వాయించడానికి పనిలేక స్టేజీ మీదే కర్రీ తిన్నానని చెప్పుకున్నాడు. 1974లో బ్యాండు వదిలేశాడు.

మూడోపక్క
కర్రీ కథ తప్ప ఈ ఆల్బమ్ గురించి ఎవరికీ ఏమీ తెలియదు. కర్రీ తిన్నాడు గనుక ఆల్బమ్ బాగాలేదా? ఇంగ్లండు ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. బ్రూఫర్డ్ తర్వాత వచ్చిన డ్రమ్మరు అలాన్ వైట్‌కి ఈ బ్యాండుతో ఇదే మొదటి స్టూడియో ఆల్బమ్. 'రిచువల్' రెండో సగంలో స్క్వైర్ బాస్, ఆ వెంటనే డ్రమ్ముల తుఫాను వినండి. బ్రూఫర్డ్ ఉంటే ఆ భాగం ఇంత మొరటుగా ఉండేది కాదు. మొరటుగా ఉండాలి. మంచీ చెడూ తన్నుకుని తెల్లారే చోటు అది.

గాడీముల్లూ
డ్రమ్ముల భాగం దగ్గర మీ స్పీకర్లు గరగరమంటే శబ్దం తగ్గించండి, స్పీకర్లు మార్చకండి.

కాలువగట్టు
మళ్లీ అడుగుతున్నా. హెడ్‌ఫోన్సా, స్పీకర్లా? మా గదిలో ఫ్యాను ఆపలేం.

పాతప్లేటు
ఇదీ అడగాల్సిన ప్రశ్న. ఫ్యాను హోరు రెండో పక్కలోని నెమ్మది చోట్లని మింగేస్తుంది. హోరు మీదికి పాట వినపడాలని శబ్దం పెంచుతావు, పెద్ద భాగం రాగానే చెవులు పగులుతాయి. కాబట్టి మూసి ఉండే రకం హెడ్‌ఫోన్స్ పెట్టు. స్పీకర్లే కావాలంటే పొద్దున్నే ఆకాశవాణి భక్తిరంజని వేళకి పెట్టు, అప్పుడు ఫ్యాను ఒకటి మీద నడిపినా చాలు. మనిషీ రెండు స్పీకర్లూ సమాన త్రిభుజంలా, ట్వీటరు (సన్న శబ్దాలు పలికే చిన్న స్పీకరు) చెవి ఎత్తులో ఉండాలి.

రెగ్యులేటరు సంగతి కూడా చూసుకో. చిన్న గుండ్రని మీటతో మెల్లగా తిప్పేది ట్రయాక్ రకం. కరెంటు తరంగాన్ని కోస్తుంది, ఆ చప్పుడు లైను గుండా యాంప్లిఫయర్‌లోకి బుర్రుమని వస్తుంది. టకటక మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకంలో ఆ గోల లేదు. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడుస్తుంటే కూడా అంతే. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు బుర్రుమంటుంది, సైన్ వేవ్ అనదు.

బెజవాడహైఫై
ఆ బుర్రు ఎర్తింగ్ లేకపోవడం వల్ల. ఫ్యానుకేం సంబంధం?

పాతప్లేటు
రెండూ రెండు రకాల చప్పుళ్లు. ఎర్తు లేకపోతే మందంగా ఒకటే 'హూ', టర్న్‌టేబుల్ ఎర్తు తీగ యాంప్లిఫయర్ స్క్రూకి బిగిస్తే పోతుంది. రెగ్యులేటరుది కందిరీగ లాంటి బుర్రు, ఫ్యాను వేగం మారిస్తే దాని గొంతు మారుతుంది. తేడా తెలుసుకోవాలంటే ఫ్యాను ఆపి చూడండి. పాతికేళ్ల అనుభవం అక్కర్లేదు.

తానంపల్లవి
ఒకే కూర్చోటులో వినాలా అన్నదానికి ఎవరూ చెప్పలేదు. మొదటిసారికి రెండు పక్కలు చాలు. ఒకటీ రెండూ ఒకరోజు, మూడూ నాలుగూ మర్నాడు. మూడు తర్వాత మాత్రం ఆపొద్దు. అంత రగడ తర్వాత 'రిచువల్' మాటల్లేని కోరస్‌తో మొదలవుతుంటే గుడి ప్రాకారంలోంచి బయటికి వచ్చినట్టుంటుంది.

ధాతుపాఠం
బయటికి కాదు, గర్భగుడి లోపలికి. వాళ్ల లెక్క ప్రకారమే తంత్రం చివరిది.

తానంపల్లవి
అంటే మీరూ విన్నారన్నమాట!

ధాతుపాఠం
వినకుండా తిడతామా? మూడో పక్క రాత్రి మళ్లీ పెట్టాను. ఆ జాబితాలో సూర్య శబ్దానికి దగ్గరి మాట కూడా ఒకటుంది. అది ఒప్పుకుంటాను. ధూప్ మాత్రం ఒప్పుకోను.