“చూడ చూడ”... రుచుల జాడా, చవుల జాడా?

కొత్త టీవీ: మిత్రులకు ఒక సందేహం. ఇంట్లో హెచ్‌డీ టీవీ పెట్టించాం. ఒకే ఛానల్‌ని మామూలు నంబర్లోనూ హెచ్‌డీ నంబర్లోనూ మార్చి మార్చి చూస్తున్నాను, రెండూ ఒకేలా ఉన్నాయి. అప్పట్నుంచీ వేమన ఉప్పు–కప్పురం పద్యం బుర్రలో తిరుగుతోంది. రెండో పాదం దగ్గర తడబడుతున్నాను. “చూడ చూడ చవుల జాడ వేరు” అనా, “రుచుల జాడ” అనా? ఇంట్లో పెద్దవాళ్లు చవుల అనేవారని నా చెవిలో ఉండిపోయింది.

గణవిభజన: రుచులే. నేను అచ్చులో చూసింది అదే. కానీ ఛందస్సుతో తేల్చుదామంటే మాత్రం కుదరదు, ముందే చెబుతున్నా. ఆటవెలది రెండో పాదం, ఐదూ సూర్యగణాలు (మూడేసి మాత్రల చిన్న గణాలు). మూడో చోట నగణం ఉంది, అంటే మూడూ లఘువులే. రుచుల అన్నా నగణమే, చవుల అన్నా నగణమే. యతి చూస్తే ఒకటో గణానికీ నాలుగో గణానికీ ప్రాసయతి, అంటే రెండో అక్షరం కలిసే యతి: చూడ, జాడ. మూడో గణంతో దానికి పనే లేదు.

అరసున్న: ముందు “చూడఁ జూడ” అని రాయండి మహాప్రభో. చూడన్ ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే మాట. దాని తర్వాత చకారం సరళం, అంటే జకారం, అవుతుంది.

గణవిభజన: వేమన నోట్లో అరసున్న పెట్టింది పరిష్కర్తలు. బ్రౌన్ ఈ పద్యాలు అచ్చు వేయించింది 1829లో. అంతకుముందు జనం నోళ్లలో, రాతప్రతుల్లో ఎన్ని పాఠాలు తిరిగాయో! చవుల అనే పాఠం ఉండకూడదనేం లేదు.

పాత రేడియో: పాఠాంతరాలు తర్వాత. కొత్త టీవీ గారూ, బాక్సు నుంచి టీవీకి ఏ వైరు వచ్చింది? పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులున్న వైరైతే ఎంతసేపు చూసినా ఒకటే, అందులోంచి హెచ్‌డీ రాదు. హెచ్‌డీఎమ్‌ఐ వైరు పెట్టండి. అప్పుడైనా బాక్సు సెట్టింగుల్లో రిజల్యూషన్ (బొమ్మలో గీతల లెక్క) 576లోనే ఉందేమో చూసి 1080కి మార్చండి. లేకపోతే ఆ చిన్న బొమ్మనే టీవీ సాగదీసి తెరంతా నింపుతుంది. కొత్త టీవీ కొన్నవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

అమరం బట్టీ: అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. రుచి నాలుకది కదా, “చూడ” ఎందుకొచ్చింది? రుచి అంటే కాంతి కూడా. సంస్కృత నిఘంటువు అమరకోశంలో కాంతి పేర్లు చెప్పే “స్యుః ప్రభా రుగ్రుచిః...” గుర్తు తెచ్చుకోండి. ఉప్పూ కప్పురమూ రెండూ తెల్లనివే, పరీక్షగా చూస్తే మెరుపు వేరు. పద్యం కంటి సంగతి చెబుతోంది. కాబట్టి రుచులే.

అడ్డుపుల్ల: బట్టీ గారు పాదం సగంలో ఆపేశారు, ఎందుకో! మిగతాది నేను చెబుతాను: “...త్విడ్భా భాశ్ఛవిద్యుతిదీప్తయః”. ఛవి కూడా కాంతే. మీ లెక్కన చవుల పాఠమూ నిలబడుతుంది.

అమరం బట్టీ: అది వత్తు ఛ అండీ. సంస్కృతం ఛవి వేరు, తెలుగు చవి వేరు.

అడ్డుపుల్ల: వేమనకి వత్తులు నేర్పుతున్నారా?

అరసున్న: ఇంత దూరం ఎందుకు? తెలుగువాడు రుచి “చూస్తాడు”. చవి కూడా “చూస్తాడు”. చూడ అంటే నాలుకతో చూడటమే. కాంతీ లేదు, గీంతీ లేదు.

అమరం బట్టీ: మరి రెండుసార్లు ఎందుకన్నాడు? ఉప్పు ఒక్కసారి నాలుకకి తగిలితే చాలదూ? చూడగా చూడగా తెలిసేది కంటికే.

పాత రేడియో: ఈ మాట నిజం. అయితే ఎంత దూరం నుంచి చూస్తున్నారన్నది కూడా ఉంది. ఫుల్ హెచ్‌డీ తెరకి సుమారు తెర ఎత్తుకు మూడు రెట్ల దూరం. అది బాగా దాటితే 1080 గీతల్ని కన్ను విడదీయలేదు, మామూలు బొమ్మకీ దీనికీ తేడా తగ్గిపోతుంది. తెర మూల నుంచి మూలకి కొలిచే అంగుళాలు కావు, ఎత్తు. అన్నట్టు 1936లో బీబీసీ 405 గీతల ప్రసారానికే హై డెఫినిషన్ అని పేరు పెట్టుకుంది.

కొత్త టీవీ: వైరు మార్చాను. తేడా బాగా తెలుస్తోంది, కింద పరిగెత్తే అక్షరాల అంచులు కూడా తేటగా ఉన్నాయి. తెల్ల చొక్కాల మీద మడతలు మాత్రం కనిపించడం లేదు. ఇంతకీ చవులా, రుచులా?

మల్లికాహారం: కప్పురం, తెలుపు అనగానే నాకు పోతనే. “శారద నీరదేందు ఘనసార పటీర మరాళ మల్లికాహార తుషార ఫేన రజతాచల కాశ ఫణీశ...” శరత్కాలపు మబ్బు, చందమామ, కప్పురం, చందనం, హంస, మల్లెల దండ, మంచు, నురుగు, వెండికొండ, రెల్లు, శేషుడు. ఊపిరి తీసుకోనివ్వడు. అన్నీ తెలుపే, ఏ రెండూ ఒక తెలుపు కావు. కప్పురాన్ని తెచ్చుకున్నాడు, ఉప్పుని మాత్రం గుమ్మం దగ్గరే ఆపేశాడు చూడండి.

అడ్డుపుల్ల: ఉప్పు పెడితే చంపకమాల అయ్యేదా?

మల్లికాహారం: అది ఉత్పలమాల. మీకు తెలిసే అంటున్నారు.

పాత రేడియో: చొక్కా మడతలకి మందు ఇక్కడే ఉంది. కాంట్రాస్ట్ పైకి తోస్తే పోతన తెలుపులన్నీ కలిసి ఒకే సున్నపు గోడ. మడతలు కనిపించేదాకా తగ్గించండి. షార్ప్‌నెస్ కూడా తగ్గించండి. అది లేని వివరాన్ని తేదు, అంచుల చుట్టూ దొంగ గీత గీస్తుంది. కొత్త టీవీలు తరచు కళ్లు చెదిరే వివిడ్ మోడ్‌లో వస్తాయి, సినిమా మోడ్ పెట్టండి.

అమరం బట్టీ: చూశారా, మళ్లీ కాంతి దగ్గరికే వచ్చారు. రుచుల.

గణవిభజన: టీవీ సాక్ష్యం చెల్లదు. చవుల అని విన్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? చేతిరాత పుస్తకం ఉంటే ఆ పాదం ఫొటో పెట్టండి.

అరసున్న: ఫొటో అరసున్న కనిపించేంత క్లియర్‌గా ఉండాలి.