పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి నొప్పి మాత్రలు ఏవి ఇస్తున్నారు?

సుధ_కాకినాడ
నాన్నగారు పార్కిన్సన్స్‌కి సిండోపా (లెవోడోపా ఉన్న మాత్ర), రసాజిలిన్ వాడుతున్నారు. మోకాళ్ల నొప్పికి ఎముకల డాక్టరు పారాసెటమాల్, ట్రమడాల్ కలిసిన మాత్ర రాశారు. ఇవ్వొచ్చా? తెల్లవారుజామున కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోయి నొప్పికి అరుస్తున్నారు. ఇంటికొచ్చే ఫిజియోథెరపీ వాళ్లు ఎవరైనా తెలుసా?

శీను_నల్గొండ
తెల్లవారే నొప్పి మోకాలిది కాదమ్మా. రాత్రి వేసిన సిండోపా పవర్ అప్పటికి దిగిపోయి కండరం బిగుసుకుంటుంది. మా అమ్మకి ఏ నొప్పి మాత్రా పనిచేయలేదు. న్యూరాలజిస్టు పడుకునే ముందు సీఆర్ మాత్ర (మెల్లగా కరిగి ఎక్కువసేపు పనిచేసే సిండోపా) పెట్టాకే తగ్గింది. నొప్పి వచ్చే టైము, మాత్ర వేసిన టైము రాసి చూపించండి.

ఫార్మసీ_గుంటూరు
ఇరవై ఏళ్లకు పైగా మందుల షాపు నడుపుతున్నాను, నా మాట వినండి. రసాజిలిన్, సెలెజిలిన్ వాడేవాళ్లకి ట్రమడాల్ వద్దు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం పెరిగిపోయి జ్వరం, అయోమయం, ఫిట్స్ దాకా పోవచ్చు. పెథిడిన్ అనే నొప్పి ఇంజెక్షనూ అంతే. దగ్గు సిరప్‌లో డెక్స్‌ట్రోమెథార్ఫన్ ఉందేమో కూడా చూసుకోండి. ముందు పారాసెటమాల్ చాలు. అదీ రోజుకి 4 గ్రాములు దాటకూడదు, మనిషి సన్నగా ఉన్నా లివర్ బాగోకపోయినా ఇంకా తక్కువే.

మూర్తి_పల్లెవైద్యం
ఈ ఇంగ్లీషు మందులన్నీ మానేసి దూలగొండి గింజల పొడి పాలలో ఇవ్వండి. మా మామగారు లేచి తిరుగుతున్నారు.

ఫార్మసీ_గుంటూరు
మానేయమని ఎలా చెబుతారండీ! సిండోపా ఒక్కసారిగా ఆపితే ఒళ్లు కొయ్యబారి, జ్వరమొచ్చి ప్రాణం మీదికొస్తుంది.

మూర్తి_పల్లెవైద్యం
దూలగొండిలో ఉన్నదీ లెవోడోపానే. 1937లో మనవాళ్లే ఆ గింజల్లోంచి తీసి చూపించారు. తాతల నాటి మందుని తీసిపారేయకండి.

రాఘవ_మియాపూర్
తీసిపారేయడం లేదు, అదే మందు కాబట్టే భయం. మా బాబాయికి సిండోపా మీద ఈ పొడి కూడా పెట్టారు. చేతులు, మెడ మెలికలు తిరిగిపోయాయి. ఏ పొట్లంలో ఎంత డోసుందో మీరు చెప్పగలరా?

మూర్తి_పల్లెవైద్యం
శుద్ధి చేయకుండా ఇస్తే అంతే. పాలలో ఉడికించి పొట్టు తీయాలి.

రాఘవ_మియాపూర్
నేను అడిగింది డోసు!

శీను_నల్గొండ
ఆవిడ అడిగింది నొప్పి గురించి. మీ ఇద్దరూ ఇంకోచోట తేల్చుకోండి.

అనిత_వైజాగ్
మా అత్తగారిని పడగొట్టింది వాంతుల ఇంజెక్షన్. క్యాజువాలిటీలో నొప్పి ఇంజెక్షన్‌తో పాటు మెటోక్లోప్రమైడ్ ఇచ్చారు. పార్కిన్సన్స్ అని మొత్తుకున్నా వినలేదు. మర్నాడు మంచం దిగలేకపోయారు. పార్కిన్సన్స్‌లో మెదడులో తగ్గిపోయేది డోపమైనే, దాన్నే అడ్డుకునే మందు అది, ప్రోక్లోర్‌పెరజిన్ అనే ఇంకో వాంతుల మందు కూడా అంతే. ఆ రెండూ ఇవ్వొద్దని చీటీ రాసి ఆవిడ పర్సులో పెట్టాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు నాకు.

సుధ_కాకినాడ
ఎముకల డాక్టరుగారికి ఫోన్ చేసి రసాజిలిన్ సంగతి చెప్పాను. ట్రమడాల్ కొట్టేసి ఉత్త పారాసెటమాల్, పైన రాసే జెల్ చెప్పారు. సీఆర్ గురించి న్యూరాలజిస్టుని అడుగుతాను. ఫిజియోథెరపీ గురించి ఎవరూ చెప్పలేదు.

రాఘవ_మియాపూర్
జెల్ మంచిదే. బాబాయికి బీపీ, కిడ్నీ ఇబ్బంది ఉందని డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రలు అసలు వద్దన్నారు. అన్నట్టు, ఆయనకి వణుకు కంటే ముందు భుజం పట్టేసింది. ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోవడం) అని చాలాకాలం తిప్పారు. మీ ఇళ్లలో ఎవరికైనా అలా మొదలైందా?