గర్భంతో ఉన్న చైనా స్నేహితురాలు లావైపోతున్నానని రోజూ బాధపడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (షాంఘై నుంచి)

అందరికీ నమస్తే. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయిది చైనాయే. ఇప్పుడు ఆరో నెల. గర్భానికి ముందు 48 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు. ఇప్పటికి 6 కిలోలు పెరిగింది, వాళ్ల లెక్కలో 12 జిన్‌లు. పొద్దున్నే షావోహోంగ్‌షు అనే చైనా సోషల్ మీడియా యాప్ తెరిచి, పొట్ట తప్ప ఇంకేమీ పెరగని గర్భిణుల వీడియోలు చూస్తుంది. బిడ్డ పెరగాలి, తల్లికి ఒళ్లు రాకూడదు అన్న మాట ఇక్కడ చాలామంది నోట వింటున్నాను. మధ్యాహ్నం అన్నం పక్కన పెట్టేస్తుంది. రాత్రి అత్తగారు గిన్నె నిండా చేపల సూప్ ఇచ్చి తాగేదాకా ఊరుకోరట. తాగాక బాత్రూంలోకి వెళ్లి ఏడ్చానని నిన్న చెప్పింది. "నువ్వేం లావు కాలేదు" అన్న ప్రతిసారీ ఇంకో ఫొటో తీసి చూపిస్తోంది. నాకు భయంగా ఉంది. ఇది మామూలు టెన్షనేనా?

జవాబు (గ్వాంగ్‌జౌలో కాన్పు అయిన అక్క)

చెల్లీ, బరువు గురించి కంగారు వద్దు. 2022లో చైనా ఆరోగ్య కమిషన్ ఇచ్చిన ప్రమాణం ప్రకారం, గర్భానికి ముందు బీఎమ్ఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూసే లెక్క) 18.5 నుంచి 24 లోపు ఉన్నవాళ్లు మొత్తం 8 నుంచి 14 కిలోలు పెరగాలి. ఈ అమ్మాయి బీఎమ్ఐ 19 చిల్లర. ఆరో నెలకి 6 కిలోలంటే సరిగ్గానే ఉంది.

కానీ "లావు కాలేదు" అనడం మానెయ్యి. అలా అన్నా మాట ఒంటి చుట్టూనే తిరుగుతుంది. అప్పట్లో ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు అందరూ నా పొట్ట సైజు గురించే మాట్లాడేవాళ్లు. ఒక్క సహోద్యోగిని మాత్రం "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగేది. మనసులో ఉన్నదంతా ఆవిడకే చెప్పుకున్నాను.

జవాబు (వుహాన్‌లో ఎంబీబీఎస్ చదివిన డాక్టర్)

అన్నం మానేయడం, ఏడవడం రెండూ కలిశాయి కాబట్టి తేలిగ్గా తీసుకోకండి. గర్భిణులకు డిప్రెషన్ స్క్రీనింగ్ చేయాలని అక్కడి ఆరోగ్య కమిషన్ 2020లోనే చెప్పింది. ఎక్కువగా వాడేది ఎడిన్‌బరా ప్రశ్నావళి. గత ఏడు రోజుల మనసు సంగతి అడిగే పది ప్రశ్నలు ఉంటాయి. అయితే అందులో ఒంటి గురించి, తిండి గురించి ఒక్క ప్రశ్నా లేదు. కాబట్టి ఆ విషయం ఆమే నోరు తెరిచి చెప్పాలి.

24 నుంచి 28 వారాల మధ్య షుగర్ పరీక్షకు ఎలాగూ వెళ్తుంది. ఆ రోజే డాక్టర్‌తో మాట్లాడమనండి. ఆ పరీక్షకు ముందు మూడు రోజులు అన్నం మామూలుగా తినాలి, లేకపోతే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. తనను తాను గాయపరుచుకోవాలన్న మాట వస్తే మాత్రం అప్పటిదాకా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి అక్కడ 12356 నంబర్ ఉంది.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అక్కా, డాక్టర్ గారూ. పరీక్షకు తోడు వస్తానంటే ఒప్పుకుంది. మరి అత్తగారి సంగతి? నాకు చైనీస్ అంతంతమాత్రం.

జవాబు (గ్వాంగ్‌జౌ అక్క)

ఆ పని నీది కాదమ్మా, భర్తది. ఆస్పత్రికి అతన్ని కూడా రమ్మను. బరువు సరిపోయిందని డాక్టర్ నోట విన్నాక అతనే వాళ్లమ్మకి చెప్తాడు.