సమస్య (ఈ పాదంతో ముగిసేటట్టు పద్యం పూరించాలె): "చచ్చినట్టివాడు వచ్చె మరల"

నిర్వాహకుడు (హనుమకొండ):
ఈ వారం ఆటవెలది. ఇచ్చిన పాదం నాలుగోది. చచ్చి / నట్టి / వాడు / వచ్చె / మరల, అయిదూ సూర్యగణాలే (నగణం అంటే మూడు లఘువులు, హగణం అంటే గురువు, లఘువు). యతిస్థానంలో, అంటే నాలుగో గణం మొదట్లో, చ, వ కలవవు కాబట్టి రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి వేసినం. "చచ్చి", "వచ్చె" రెండింటా మొదటి అక్షరం గురువు, రెండో అక్షరం చకార ద్విత్వం.

వస్తువు: అంతరిక్ష ఓడ కథల అమెరికా టీవీ ధారావాహిక స్టార్ ట్రెక్, దాని కథన సంప్రదాయాలు. 1966 నుంచి 1969 దాకా వచ్చిన మొదటి ధారావాహిక 79 భాగాలైనా సరే, 1987 తర్వాత వచ్చిన ధారావాహికలైనా సరే. షరతు ఒక్కటే. చచ్చినవాడు ఎట్ల వచ్చిండో పద్యంలోనే కారణం ఉండాలె. కల అని తేల్చేయొద్దు, దేవుడి మహిమ అనొద్దు. దేశి ఛందస్సును నెత్తిన పెట్టుకున్న పాలకుర్తి సోమనాథుడి గడ్డ మనది. ఆటవెలదికి రాకెట్టు బరువేమీ కాదు.

పూరణ, జనగామ నుంచి:

ఎర్రచొక్క తొడిగి యేగెను పొగలోకి
నెత్తురంత పీల్చ నేలకొరిగె
వచ్చు కథలలోన పాత యాసనమున
చచ్చినట్టివాడు వచ్చె మరల

విమర్శ, కాజీపేట నుంచి:
లెస్లీ అనే చిన్న పాత్ర మీద కట్టిన పద్యం ఇది. 1967 చివర్లో వచ్చిన భాగంలో రక్తకణాలు పీల్చే మేఘం ఆయన్ను చంపింది. తర్వాతి భాగాల్లో ఏమీ జరగనట్టు మళ్లీ విధుల్లో కనబడ్డడు. అంత జరిగిన కథను నాలుగు పాదాల్లో ఇమిడ్చారు. "ఎర్ర – యేగెను", "నెత్తు – నేల", "వచ్చు – పాత" యతులన్నీ శుద్ధం. ప, వ మైత్రి తెలియనివాళ్లు మూడో పాదం దగ్గర ఆగుతరు. అది తప్పు కాదు.

కాకపోతే షరతు సంగతి చూడాలె. ఇక్కడ చావుకు కారణం ఉంది కానీ రాకకు లేదు. అసలు కారణం కథ బయట ఉంది. వెనక నిలబడే చిన్న నటులను నిర్మాతలు వారం వారం మళ్లీ వాడుకునేటోళ్లు. మాటలు లేని పాత్ర చచ్చిపోయిందని చూసేవాళ్లకు గుర్తుండదనే ధీమా. ఆ మాట పద్యంలో పడితేనే పూరణ నిండుతుంది.

ఇంకొకటి. ఎర్రచొక్క అంటే చావు గుర్తు అనేది మొదటి ధారావాహికకే నప్పుతుంది. అప్పట్లో రక్షణ, ఇంజనీరింగ్, సందేశ విభాగాలకు ఎరుపు. 1987లో రంగులు తారుమారైనయి. అధికార పీఠానికి ఎరుపు, రక్షణకు, ఇంజనీర్లకు పసుపు వచ్చినయి. ఆ కాలం కథకు ఎర్రచొక్క పెడితే కెప్టెన్‌నే చంపినట్టు అయితది.

జనగామ: ఒప్పుకుంటున్న అన్నా. అయితే అప్రధాన పాత్రను చంపి ప్రమాదం ఎంత పెద్దదో చూపించడమే ఆ సంప్రదాయం పని. నాయకుడు చావడని అందరికీ తెలుసు, అందుకే పేరు కూడా సరిగా తెలియనోడు మొదటి అంకంలోనే పోతడు. మొదటి రెండు పాదాలు దాన్ని పట్టుకున్నయి అనుకుంటున్న.

నిర్వాహకుడు: ఆ రెండు పాదాల మట్టుకు మీ మాట నిజం. రాకకు కారణం మాత్రం ఇంకా బాకీ.

పూరణ, హనుమకొండ నుంచి:

ఓడ పగిలె ముందె యొక్కరు మిగులక
కాలచక్ర మట్లె కదలి తిరిగె
పంచు పేకముక్క బల్లపై నుండగ
చచ్చినట్టివాడు వచ్చె మరల

విమర్శ, వరంగల్ కోట నుంచి:
ఎత్తుగడ చాలా బాగుంది. కొద్ది కాలమే మళ్లీ మళ్లీ జరిగే 1992 నాటి భాగం మీద కట్టిన పద్యం ఇది. అందులో పేర్లు పడకముందే ఓడ పేలిపోతది. మామూలుగా ఆ ముందుమాటలో చిన్న చిక్కు చూపించి పేర్లు వేస్తరు. వీళ్లు ముగింపునే తెచ్చి అక్కడ పెట్టిన్రు. "ముందె" అన్న రెండక్షరాలు ఆ పని చేసినయి.

తప్పులు మూడు. "ఒక్కరు మిగులక" అంటే అందరూ పోయిన్రు. నాలుగో పాదంలో ఏకవచనం "వాడు" ఎవడు? అన్వయం తెగింది. రెండోది, "కాలచక్రం తిరిగింది" అంటే తెలుగువాడికి రోజులు గడిచినయి అనే అర్థమే తోస్తుంది. అదే కొద్ది కాలం మళ్లీ మళ్లీ జరిగింది అని తోచదు. మూడోది అన్నిటికన్నా పెద్దది. తిరిగిన ప్రతిసారీ అంతా ఒకే తీరుగా జరిగితే ప్రతిసారీ చస్తరు. ఒక తేడా రావాలె. ఆ కథలో డేటా అనే మరమనిషి తనకు తానే "3" అనే అంకెను తర్వాతి ఆవృత్తికి పంపుకుంటడు, పేకాటలో అన్నీ మూళ్లే పడతయి. ఓడలో రెండో అధికారి రైకర్ మెడపట్టీ మీద ఉన్న మూడు గుండీలే ఆ మూడు అని చివర్లో తెలుస్తది. డేటా తన ఉపాయం వదిలి రైకర్ చెప్పిన ఉపాయం పాటిస్తే ఓడ బతుకుతది. అంత బంగారం ముక్క చేతిలో ఉండగా ఉత్తగా "బల్లపై నుండగ" అని వదిలేస్తే ఎట్ల?

నా సవరణ:

ఓడ పగిలె ముందె యొరిగె నాయకుడును
కాల మొక్కచోట కట్టువడియె
పంచు పేకలందు వరుసగా పడ మూళ్ళు
చచ్చినట్టివాడు వచ్చె మరల

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలె. ఒకే సన్నివేశం నాలుగైదు సార్లు చూపిస్తే జనం ఛానల్ మారుస్తరు. దర్శకుడు జోనథన్ ఫ్రేక్స్ ప్రతి ఆవృత్తినీ వేరే కోణం నుంచి తీసిండు, పాత దృశ్యాన్ని అతికించలేదు. పద్యంలోనూ అంతే. "మరల" అనే మాట సమస్యలోనే ఉంది కాబట్టి పైపాదాల్లో "తిరిగె", "మళ్లీ" లాంటివి తీసేయాలె.

హనుమకొండ: "వరుసగా పడ మూళ్ళు" నా చేతికి అందలేదు సార్, అందిస్తిరి. మూడో పాదంలో "వరుసగా" నగము, "పడ మూళ్ళు" సలము, రెండూ ఇంద్రగణాలే. గణాలు సరిపోయినయి.

పూరణ, నర్సంపేట నుంచి (కొత్త సభ్యుడు):

అద్దములో వేరే లోకము ఉన్నది
అట్టివాడె అచట అతని బోలి
తలుపు తీయగానె దారితప్పి ఇటకు
చచ్చినట్టివాడు వచ్చె మరల

విమర్శ, హనుమకొండ నుంచి:
తమ్మీ, మూడో పాదం గణాలు తప్పు లేకుండ కుదిరినయి, త–దా యతి కూడా. మొదటి పాదం కూలింది. "అద్ద" హగణం, దాని తర్వాత "ములో" లగ (లఘువు, గురువు) అయింది. సూర్యగణం అంటే నగణమో హగణమో కావాలె, లగ పనికిరాదు. "వేరే" రెండు గురువులు, అది కూడా చెల్లదు. రెండో పాదంలో గణాలు సరే, కానీ "వాడె అచట అతని" అని అచ్చులను విడివిడిగా నిలబెట్టినవు. పాదం మధ్యలో విసంధి చెవికి కొడుతది. ఇట్ల చూడు:

అద్దమందు వేరె యవని యుండు నొకటి
అట్టివాడె యచట నతని బోలి
తలుపు తీయగానె దారితప్పి యిటకు
చచ్చినట్టివాడు వచ్చె మరల

భావానికి వస్తే, రెండో పాదమే నీ బలం. చచ్చినవాడు వేరు, వచ్చినవాడు వేరు అని ముందే చెప్పినవు, షరతు తీరింది. వాయేజర్ అనే ధారావాహికలో 1996లో హారీ కిమ్ అనే పాత్రకు ఇదే జరిగింది. ఓడ రెండయితది, ఒక ఓడలోని కిమ్ చస్తడు, రెండో ఓడలోని కిమ్ ఇటు దాటుతడు, ఆ రెండో ఓడ శత్రువులతో సహా తనను తాను పేల్చుకుంటది. ఒక మనిషి రాకకు ఒక ఓడ ఖర్చు. వీలైతే ఆ ఖర్చు మొదటి పాదంలోకి తే. అద్దం తీసేసినా నష్టం లేదు.

పూరణ, కరీంనగర్ నుంచి:

కణము లన్ని విప్పి గ్రహముపై చేర్చుచు
యంత్రము చెడిపోయె నంతలోనె
నకలు దాచియుంచె నా జ్ఞాపకములోన
చచ్చినట్టివాడు వచ్చె మరల

విమర్శ, కాజీపేట నుంచి:
గణాల్లో వంక పెట్టలేం. సంప్రదాయం మాత్రం దెబ్బతిన్నది. మనుషులను కణాలుగా పంపే ఆ యంత్రం పుట్టిందే డబ్బు కోసం. ప్రతివారం ఓడ గ్రహం మీద దిగడం చిత్రీకరించాలంటే ఖర్చు తట్టుకోలేరు. మెరుపు చూపించి మనిషిని దింపడం చౌక. దానితో కొత్త తిప్పలు వచ్చినయి. ఆపద వస్తే మీట నొక్కి పారిపోవచ్చు, ఇక కథేముంటది? అందుకే రచయితలు కవచాలు ఎత్తి ఉంటే యంత్రం పనిచేయదన్నరు, అయాను తుఫాను తెచ్చిన్రు, సందేశ పరికరాలు గుంజుకున్నరు. నకలు దాచిపెట్టుకోవచ్చు అని ఒక్కసారి ఒప్పుకుంటే ఇక ఎవడి చావుకూ విలువ ఉండదు. యంత్రం జ్ఞాపకంలో మనిషి నమూనా కొద్ది నిమిషాలే నిలుస్తది అనే హద్దు అందుకే.

ఆ హద్దును దాటిన కథ 1992లో వచ్చింది. కూలిన ఓడలో మొదటి ధారావాహిక ఇంజనీరు స్కాటీ తన నమూనాను యంత్రంలోనే తిప్పుతూ 75 ఏళ్లు ఉంచుకుంటడు. తోడుగా ఉన్నవాడి నమూనా చెడిపోయి ఆయన తిరిగి రాలేదు. ఆ నష్టం వల్లే స్కాటీ రాకను నమ్ముతం. మీ పద్యాన్ని అటు తిప్పండి:

కణము లన్ని విప్పి కట్టివేసె తనను
కూలినట్టి యోడ గూడులోన
నేండ్లు డెబ్బదైదు హీనము గాకుండ
చచ్చినట్టివాడు వచ్చె మరల

కరీంనగర్: ఇన్ని సంగతులు మూడు పాదాల్లో పడితే ఊపిరాడదు గదా?

కాజీపేట: ధారావాహికలో ఆ బరువు కెప్టెన్ చిట్టా మోస్తది. ఎక్కడున్నం, ఎందుకొచ్చినం, ఏం చెడింది అని రెండు మూడు వాక్యాల్లో చెప్పేస్తడు, ప్రకటనల తర్వాత మళ్లీ అందిస్తడు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు పాత్రలోంచి బయటికొచ్చి కథ చెప్పి మళ్లీ పాత్రలోకి పోయినట్టే. ఆటవెలదిలో ఆ పని మొదటి పాదానిది. అక్కడ వర్ణనలు పెట్టొద్దు.

పూరణ, పరకాల నుంచి:

చేయి నుదుట నుంచి జీవము నొకనిలో
దాచి వెళ్ళె నతడు తలుపు వెనుక
మిత్రు లోడ దోచి మృతుని వెదకబోవ
చచ్చినట్టివాడు వచ్చె మరల

విమర్శ, జనగామ నుంచి:
ఇది సినిమా కథ, టీవీది కాదు అని అనవచ్చు. పాత్రలు అవే, కాబట్టి చెల్లుతుందని నా పక్షం. 1982 సినిమాలో ఓడ అధికారి స్పాక్ రేడియేషన్ గదిలోకి పోయే ముందు వైద్యుడు మెకాయ్‌ను తాకి గుర్తుంచుకో అంటడు. 1984 సినిమాలో ఆ ఒక్క చేష్ట మీదే తిరిగి రావడం నిలబడ్డది. ఈ పద్యంలో కారణం మొదటి పాదంలో ఉంది, చావు రెండో పాదంలో "తలుపు వెనుక" అనే మాటతో జరిగిపోయింది, చావు అనే పదమే వాడలేదు. ఓడ దొంగతనం ఖర్చు కింద పడింది. చే–జీ, మి–మృ యతులు తెలిసి వేసినవే.

"మృతుని" ఒక్కటే నొప్పి. తర్వాతి పాదంలో "చచ్చినట్టివాడు" ఉంది కాబట్టి పునరుక్తి.

పరకాల: ఇకారానికో ఋకారానికో యతి దొరకాలె. "మిగులు" అని మొదలుపెట్టి చూసిన, అన్వయం కుదరలేదు. ఇంకోటి దొరికితే మారుస్త.

నిర్వాహకుడు:
ఈ వారం పరకాల పూరణకు మొదటి స్థానం, వరంగల్ కోట సవరణతో హనుమకొండ పేకాట పద్యానికి రెండోది. జనగామ వాళ్లు రాకకు కారణం కలిపి మళ్లీ పంపాలె.

వచ్చే వారానికి తేటగీతి: "తనయు డెక్కువ వయసున తండ్రికంటె". ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి నాలుగో గణం మీద, త–తం. వేగం వల్ల కాలం మందగించిందంటరో, కాలంలో వెనక్కి పోయిండంటరో మీ ఇష్టం. ఏదైనా ఆ నియమం రెండో పాదం దాటకుండ పడాలె.