4,29,49,67,297 ప్రధాన సంఖ్యేనా?

ప్రశ్న: ఇది 2³²+1. ఫెర్మా అనే గణితవేత్త దీన్ని ప్రధాన సంఖ్యే అనుకున్నాడట. నేను 3, 7, 11, 13తో భాగించి చూశా, ఏదీ పోవట్లేదు. చేత్తో ఎంతవరకు చెయ్యాలి సార్?

జవాబు 1: అలా వరసగా వెళ్తే తెల్లారిపోతుంది బాబూ! ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, విను. దీని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదోదానికే తెగింది: 641 × 67,00,417. ఆయిలర్ అనే గణితవేత్త 1732లో పట్టుకున్నాడు.

జవాబు 2: మాస్టారూ, ఆ భాగహారం కూడా అక్కర్లేదండీ. 641 = 5×2⁷+1. అంటే 5×2⁷కి 641తో శేషం −1, దాన్ని నాలుగో ఘాతానికి హెచ్చిస్తే 5⁴×2²⁸కి శేషం 1. అలాగే 641 = 5⁴+2⁴. 5⁴ బదులు −2⁴ పెట్టండి, −2³²కి శేషం 1. అంటే 2³²+1కి శేషం 0. అయిపోయింది!

ప్రశ్న: అబ్బ! మరి 67,00,417?

జవాబు 1: అదీ ప్రధానమే. నమ్మకపోతే 64తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలతోనే, దాని వర్గమూలం దాకా, అంటే 2588 దాకా చూసుకో.